‘అది మా పరిధిలోకి రాదు’ అన్న అపార్ట్‌మెంట్ సంఘానికి బహిరంగ లేఖ

మా అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం కార్యవర్గ సభ్యులకు, బెంగళూరులో ఇలాంటి సంఘాలు నడుపుతున్న పెద్దలకు, తోటి నివాసులకు,

నమస్కారం.

వైట్‌ఫీల్డ్ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో మాకు ఫ్లాటు ఉంది. మాది అనంతపురం దగ్గర పల్లె. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నిరుడు మా ఆయన గుండెపోటుతో ఇంట్లోనే పోయారు. కొన్ని నెలల తర్వాత పక్క టవరులో అద్దెకుంటున్న ఒక తెలుగు కుటుంబంలో చేతికందొచ్చిన కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు. అదే ఏడాది మా అంతస్తులోనే ఒక అమ్మాయికి ఐదో నెలలో గర్భం పోయింది. మా ఇంటికి కొందరైనా వచ్చారు. ఆ కుటుంబం గడప దాదాపు ఎవరూ తొక్కలేదు. ఆ అమ్మాయి సంగతి కొందరికి తెలియదు, తెలిసినవాళ్ళు తెలియనట్టే తిరిగారు.

ఎందుకిలా జరిగిందో తెలుసుకోవాలనిపించింది. రానివాళ్ళను ఒక్కొక్కరినీ కాఫీకి పిలిచి అడిగాను. నిలదీయలేదు. చాలామంది మొహమాటపడుతూనే మనసులో మాట చెప్పారు. వాళ్ళు చెప్పింది విని, ఈ విషయం మీద దొరికింది చదివి, మన సంఘం చేయగలిగిన పనులు కొన్ని రాసి కార్యవర్గానికి అర్జీ ఇచ్చాను. నెలవారీ సమావేశంలో పెడతామన్నారు, పెట్టలేదు. మళ్ళీ అడిగితే వచ్చే నెల అన్నారు. చివరికి ఒక సభ్యుడు మర్యాదగానే తేల్చి చెప్పారు: “మేడమ్, నీళ్ళు, లిఫ్టులు, సెక్యూరిటీ మా పని. ఎవరు ఎవరిని పలకరించాలన్నది మా పరిధిలోకి రాదు.”

అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ పెడుతున్నాను. మీరు నీళ్ళ ట్యాంకర్ల కోసం, కరెంటు కోసం పడే కష్టం నాకు తెలుసు, దానికి కృతజ్ఞురాలిని. కానీ ఈ ఒక్క మాటతో నేను ఏకీభవించలేను. దుఃఖంలో ఉన్న ఇంటికి మనిషి వెళ్ళడం, వెళ్ళకపోవడం అతని మంచితనం మీదే ఆధారపడి ఉండదు. చుట్టూ ఉన్న ఏర్పాట్లు అతన్ని ముందుకు తోస్తాయి, లేదా వెనక్కి లాగుతాయి. ఆ ఏర్పాట్లలో చాలా భాగం మీ చేతిలోనే ఉంది. నేను చూసినవి, విన్నవి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. “వచ్చి ఏం మాట్లాడాలో తెలియలేదండీ.” ఎక్కువమంది చెప్పిన కారణం ఇదే. మా ఎదురు ఫ్లాటులో కేరళ దంపతులుంటారు, క్రైస్తవులు. మాకు ఏళ్ళ తరబడి స్నేహం. మా ఆయన పోయిన రోజు వాళ్ళిద్దరూ వాళ్ళ తలుపు లోపలే నిలబడిపోయారట. పూలదండ తేవచ్చా, చెప్పులు ఎక్కడ విడవాలి, నన్ను ముట్టుకోవచ్చా, వెళ్ళేటప్పుడు ఏమనాలి, ఇవేవీ తెలియక, పొరపాటు చేస్తే ఇంకా బాధపెడతామని ఆగిపోయారు. మన పద్ధతులు బయటివాళ్ళకు తెలియవన్నది నిజం. మంగళ, శుక్రవారాల్లో పలకరింపుకు వెళ్ళం. చావు ఇంటి నుంచి ‘వెళ్ళొస్తాం’ అనకుండా లేచి వచ్చేస్తాం. మనకు ఇవి చిన్నప్పుడే ఒంటబట్టాయి. వాళ్ళకు ఎవరు చెప్పారు?

ఈ భయం అమెరికాలోనూ ఇలాగే ఉంది. మనస్తత్వ పరిశోధకుడు నికొలస్ ఎప్లీ, ఆయన సహచరులు 2022లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమంటే, కష్టంలో ఉన్నవాళ్ళకు అండగా ఒక మాట చెబితే అది వాళ్ళకు ఎంత ఊరటనిస్తుందో, చెప్పేవాళ్ళు బాగా తక్కువగా అంచనా వేస్తారు. సరైన మాట దొరుకుతుందా అని వీళ్ళ బెంగ. అందుకునేవాళ్ళు చూసేదేమో వీళ్ళ ఆప్యాయతను. అంతకు చాలా ముందు, 1986లో, డారిన్ లెహ్‌మన్, జాన్ ఎలార్డ్, కమిల్ వర్ట్‌మన్ అనే ముగ్గురు, రోడ్డు ప్రమాదాల్లో భార్యనో భర్తనో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్ళను కదిలించి చూశారు. తమలాంటి కష్టం పడ్డవాళ్ళతో మాట్లాడటం, తమను చెప్పుకోనివ్వడం మేలు చేశాయని వాళ్ళు చెప్పారు. సలహాలు, త్వరగా తేరుకోమనడం బాధపెట్టాయట. విచిత్రమేమంటే, అలాంటి కష్టం రాని మామూలు జనాన్ని ‘మీరైతే ఏం చేస్తారు’ అని అడిగితే వాళ్ళూ సరైన జవాబులే చెప్పారు. అంటే మనుషులకు తెలుసు. ఎదురుగా కూర్చున్నప్పుడు కంగారులో అది చేతకాకుండా పోతుంది.

మా కింది అంతస్తులో ఉండే కన్నడ ఆవిడతో నాకు పెద్ద పరిచయం లేదు. ఆ రోజు ఒక స్టీలు డబ్బాలో అన్నం, ఇంకోదాంట్లో చారు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, “ఊట మాడి అక్కా” (భోంచేయండి అక్కా) అని మాత్రం అని వెళ్ళిపోయింది. మూత మీద చీటీ అంటించి ఉంది, డబ్బాలు తిరిగి ఇవ్వక్కర్లేదని. మన ఇళ్ళలో శవం ఉండగా పొయ్యి వెలిగించం. ఊళ్ళో అయితే పక్కింటివాళ్ళు వండి తెచ్చి పిల్లలకైనా రెండు ముద్దలు తినిపిస్తారు. ఆమెకు ఆ ఆచారం తెలుసో లేదో నాకు తెలియదు. ‘ఏం కావాలన్నా చెప్పండి’ అని చాలామంది అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. ఏం కావాలో ఆలోచించే స్థితిలో నేను లేను. ఆమె నన్ను అడగలేదు కాబట్టే ఆ రోజు మా అబ్బాయి అన్నం తిన్నాడు.

2. “మీకు చాలామంది ఉన్నారనుకున్నాం.” మా ఆయన పోయిన వార్త వాట్సాప్ గ్రూపులో పడగానే ‘ఓం శాంతి’లు వరసగా వచ్చాయట. ఒకరి సందేశం ఇంకొకరికి కనిపిస్తుంది. ఇంతమంది పలకరిస్తుంటే మనం ఒక్కరం వెళ్ళకపోతే ఏమవుతుందిలే అని ప్రతి ఒక్కరికీ అనిపించింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఇంటర్‌కమ్‌లో ఒక వ్యక్తి మూర్ఛతో గిలగిల్లాడుతున్నట్టు వినిపిస్తుంది. వింటున్నది తామొక్కరమే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది, అవతలి గొంతు ఆగిపోయే లోపే సాయానికి లేచారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో అలా లేచింది 31 శాతమే. బాధ్యత పదిమందికీ పంచితే ఎవరి వాటాకూ ఏమీ రాదు. మన సముదాయంలో ఉన్నవి వందల ఫ్లాట్లు. ఎవరు వెళ్ళాలో ఎవరూ చెప్పకపోతే ఎవరూ వెళ్ళరు.

3. “మీరు ఊరికి తీసుకెళ్ళిపోయారు కదా.” బెంగళూరు తెలుగువాళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. అనంతపురం, చిత్తూరు, కర్నూలు దగ్గరే. పొద్దున మనిషి పోతే మధ్యాహ్నానికి అంబులెన్సు హైవే ఎక్కేస్తుంది. దహనం అక్కడే, చిన్నకర్మ అక్కడే, పెద్దకర్మ అక్కడే. అంతా ముగించుకుని రెండు వారాలకు తిరిగొచ్చేసరికి ఇక్కడివాళ్ళ దృష్టిలో అంతా అయిపోయి ఉంటుంది. “ఇప్పుడొచ్చి మళ్ళీ గుర్తుచేయడం ఎందుకని” అని ఒకాయన నాతో అన్నారు. మేం మరిచిపోతే కదా గుర్తుచేయడానికి! ఊళ్ళో పన్నెండు రోజులూ ఇంటినిండా జనం. ఇక్కడికొచ్చి తలుపు తీస్తే ఆయన కళ్ళజోడు టీవీ పక్కన పెట్టినచోటే ఉంది. పలకరింపు నిజంగా కావాల్సింది ఆ వారం. సరిగ్గా అప్పుడే ఎవరూ రాకూడని సమయం అనుకుంటున్నారు.

కోవిడ్ ఈ అలవాటును ఇంకా చెడగొట్టిందని నా అభిప్రాయం. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఈ నగరంలో విద్యుత్ దహనవాటికల ముందు అంబులెన్సులు బారులు తీరాయి. తావరెకెరె దగ్గర గిడ్డేనహళ్ళిలో ఆరుబయట చితులు పేర్చారు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేకపోయారు, వెళ్ళకూడదు కూడా. జబ్బు తగ్గింది కానీ, దూరం నుంచే రెండు ముక్కలు టైపు చేసి ఊరుకోవడం చాలామందికి అలాగే మిగిలిపోయింది.

4. ఎలా పోయారన్నది చూసి మనం జాలిని కొలుస్తున్నాం. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

మా ఆయనది గుండెపోటు. “పాపం, ఎంత మంచివారో” అన్నారు. పక్క టవరు అబ్బాయి విషయంలో మొదటి ప్రశ్న “ఎందుకట?” రెండోది “ఇంట్లో ఏం గొడవట?” గ్రూపులో ఒకరు పెంపకం గురించి ఉపన్యాసమే పెట్టారు. ఆ తల్లి కూడా ఆ గ్రూపులో ఉండి ఉంటే చదివేది. అద్దెవాళ్ళను యజమానుల గ్రూపులో చేర్చుకోరు కాబట్టి తప్పించుకుంది.

జనం ఇలా ఎందుకు ప్రవర్తిస్తారో మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చెప్పింది. 1969లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ఇర్వింగ్ పిలియావిన్ బృందం న్యూయార్క్ సబ్‌వే రైల్లో ఒక మనిషిని కుప్పకూలినట్టు నటింపజేసింది. చేతికర్రతో ఉన్నవాడు పడిపోతే 95 శాతం సందర్భాల్లో ఎవరో ఒకరు తమంతట తాము లేపారు. అదే మనిషి మందు వాసనతో, చేతిలో సీసాతో పడితే సగం సార్లే. కష్టం కొనితెచ్చుకున్నది అనిపిస్తే చేయి వెనక్కి పోతుందని ఆ తర్వాత బెర్నార్డ్ వైనర్ ఏళ్ళ తరబడి చూపించారు. మెల్విన్ లెర్నర్ 1966 నాటి ప్రయోగం ఇంకా లోతుకు వెళ్ళింది. బాధపడుతున్న మనిషిని చూస్తూ ఆపలేని స్థితిలో ఉన్నవాళ్ళు, చివరికి ఆ మనిషినే తక్కువ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు. తప్పు వాళ్ళదే అనుకుంటే మన ఇల్లు భద్రమనిపిస్తుంది. వయసొచ్చిన పిల్లలున్న తల్లిదండ్రులే ఆ ఇంటికి అందరికంటే దూరంగా జరగడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళది కోపం అనుకోను, భయం.

ఇంకో భయం పోలీసులది. “వెళితే సాక్షి సంతకం పెట్టమంటారట” అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. అసహజ మరణమైతే శవ పంచనామాకు చుట్టుపక్కల ఉండే గౌరవనీయులు కనీసం ఇద్దరు ఉండాలన్నది చట్టంలో ఉన్న మాటే. నేరాల విచారణ పద్ధతి చెప్పే ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 194వ సెక్షను. ఆ పంచనామా మామూలుగా మొదట్లోనే ముగిసిపోతుంది. నెల తర్వాత ఆ తల్లి పక్కన కూర్చుంటే మిమ్మల్ని ఏ స్టేషనుకూ పిలవరు. చట్టం కూడా ఈ విషయంలో మనకంటే ముందుకెళ్ళింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందుగా భావించమంటుంది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309ని అలాగే ఉంచలేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా మిగిల్చారు. చట్టమే శిక్షించాలనుకోని మనిషి తల్లిని మనం శిక్షిస్తున్నాం.

ఆ శిక్ష ఎలా ఉంటుందో చెబుతాను. గేటు దగ్గర సాయంత్రం కూరగాయల బండి వస్తుంది. ఆమె వస్తే మాటలు ఆగిపోతాయి. అందుకని ఇప్పుడు బండివాడు పట్టా కప్పుకునే వేళకు, మిగిలిన వాడిపోయిన కూరలకు వస్తుంది. ఇంటి ఓనరు ఫ్లాటు ఖాళీ చేయమన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు. బేస్‌మెంటులో వాడని సైకిళ్ళను తీసేస్తామని మన ఆఫీసు వాళ్ళు ఎర్ర ట్యాగులు కట్టారు. ఆ అబ్బాయి సైకిలుకూ కట్టారు. పదిహేను రోజుల్లో తీసుకెళ్ళకపోతే పాత ఇనుముకు వేసేస్తామని దాని మీద రాసి ఉంది. ఆమె ఆ ట్యాగు విప్పి తెచ్చి నాకు చూపించింది. ట్యాగు కట్టిన కుర్రాడికి ఏమీ తెలియదు, అతన్ని నేను తప్పుపట్టను. ఆ ఇంట్లో ఏం జరిగిందో మన ఆఫీసులో ఎక్కడా రాసి లేకపోవడమే తప్పు.

5. కొన్ని దుఃఖాలను మనం లెక్కలోకే తీసుకోం. అమెరికా పరిశోధకుడు కెనెత్ డోకా 1989లోనే ఈ సంగతి మీద పుస్తకం తెచ్చారు. బయటికి చెప్పుకోలేని, సమాజం దుఃఖంగా ఒప్పుకోని దుఃఖాలకు ఓదార్పు కూడా దొరకదన్నది ఆయన చెప్పిందాని సారాంశం. మా అంతస్తు అమ్మాయికి “ఇంకా వయసుంది, మళ్ళీ వస్తుందిలే” అన్నదే ఓదార్పు. గర్భస్రావమైతే చట్టప్రకారం ఆరు వారాల జీతంతో సెలవు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వారానికే లాప్‌టాప్ తెరిచింది. మారతహళ్ళి, మున్నెకొళాల పీజీల్లో మన పిల్లలు వేలల్లో ఉన్నారు. రూమ్మేటు పోతే శవంతో ఊరిదాకా వెళ్ళి దింపి, రాత్రి బస్సులో తిరిగొచ్చి, పొద్దున డ్యూటీ ఎక్కుతారు. ‘స్నేహితుడు’ అంటే సెలవు లేదు. ఆ మాటకొస్తే తల్లిదండ్రులు పోయినా ఇన్ని రోజులు సెలవివ్వాలని ప్రైవేటు ఉద్యోగులకు దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. కంపెనీ ఎంత ఇస్తే అంత.

మన ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి భర్త పోయినప్పుడు, ఆమె పనిచేసే ఇళ్ళ నుంచి వెళ్ళిన ఫోన్లన్నీ ఎప్పుడొస్తావనే అడిగాయి. జీతం కోసుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి.

6. గేటు, లిఫ్టు, క్లబ్‌హౌసు. మీ పరిధి గురించి చెప్పారు కాబట్టి, పూర్తిగా మీ పరిధిలో ఉన్నదాని గురించి చెబుతాను. మా ఫ్లాటుకు గేటు యాప్‌లో నమోదైన మొదటి నంబరు మా ఆయనది. తెల్లవారుజామున అనంతపురం నుంచి బంధువులు కార్లలో దిగారు. ఒక్కో కారుకు గేటు దగ్గర అనుమతి అడిగారు. లోపల ఆయన శవం పక్కన, దిండు దగ్గర, ఆయన ఫోను మోగుతూనే ఉంది. మా అబ్బాయి ప్రతిసారీ తండ్రి ఫోను తీసి ‘అనుమతించు’ నొక్కాడు. అడిగిన గార్డు తన డ్యూటీ తాను చేశాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

శవాన్ని సర్వీసు లిఫ్టులోనే దించాలన్నది నియమం. అది చెత్త డబ్బాలు దించే వేళ. అవి అయ్యేదాకా స్ట్రెచరు వరండాలో ఉంచాం. క్లబ్‌హౌసులో ఒక సాయంత్రం సంతాప సభకు అడిగితే ‘శుభకార్యాలకు మాత్రమే’ అన్నారు. ఇవి చిన్న విషయాలని మీకు అనిపించవచ్చు. చావును వెనక దారిన, చప్పుడు కాకుండా, ఎవరి కంటా పడకుండా పంపించేయాలని సంఘమే నియమం పెడితే, పలకరించాలనుకున్న మనిషికి కూడా అది తొంగిచూడకూడని విషయంగానే తోస్తుంది. పిల్లలైతే అదే నేర్చుకుంటారు.

7. ఇంత కాలమే ఏడవాలని మనం గడువు పెడుతున్నాం. రెండో నెలలోనే నాతో “ఇంకా అదే ఆలోచనా?” అన్నారు. దీర్ఘకాలిక దుఃఖాన్ని జబ్బుగా గుర్తించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ 11 కూడా కనీసం ఆరు నెలలు దాటాలంటుంది, అదీ వాళ్ళ వాళ్ళ ఆచారాలు చూసి. అమెరికా మానసిక వైద్యులు జబ్బులను గుర్తించడానికి వాడే పుస్తకం 2022లో పెద్దవాళ్ళకు పన్నెండు నెలలు పెట్టింది. డాక్టర్లు ఆగుతున్నారు, పొరుగువాళ్ళం ఆగలేకపోతున్నాం.

మగపిల్లలకైతే ఆ గడువు కూడా ఇవ్వం. వచ్చినవాళ్ళందరూ మా అబ్బాయి భుజం తట్టి “అమ్మను చూసుకో, నువ్వు ధైర్యంగా ఉండాలి” అన్నారు. నీకెలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఇక నాలాంటివాళ్ళకు ఇంకో గోడ. శ్రావణమాసంలో ఏటా వరలక్ష్మి వ్రతానికి పిలిచే ఇళ్ళ నుంచి ఈసారి పిలుపు రాలేదు. ఎవరి నమ్మకం వాళ్ళది, ఒకరి పూజగదిలోకి నేను చొరబడను. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు చావు ఇంటికి రాకపోతే నేనేమీ అనుకోను, మైల పట్టింపు నాకూ తెలుసు. కానీ మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ అనే పల్లె పంచాయతీ 2022 మేలో, భర్త పోయిన ఆడదాని గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం మానాలని తీర్మానం చేసింది. అదీ గ్రామ పంచాయతీయే. మా పరిధి కాదని అనలేదు. 2021లో కోవిడ్ సమయంలో పోయినవాళ్ళవి, ఎవరూ తీసుకెళ్ళని అస్థికలను అప్పటి కర్ణాటక రెవెన్యూ మంత్రి ఆర్. అశోక్ స్వయంగా కావేరిలో కలిపారు. ఆయనా అనలేదు.

మిమ్మల్ని ఎవరినీ బలవంతంగా ఎవరింటికో పంపమని నేను అడగడం లేదు. వెళ్ళాలనుకున్నవాళ్ళకు అడ్డాలు తీయమంటున్నాను. నా కోరికలు ఇవి:

1. ప్రతి టవరుకూ ఇద్దరు స్వచ్ఛంద సభ్యులను నియమించండి. మరణం జరిగిన ఇంటికి మొదట వెళ్ళే బాధ్యత పేరుతో సహా వాళ్ళదే కావాలి. దహనవాటిక బుకింగు, అంబులెన్సు, 21 రోజుల్లోపు చేయాల్సిన మరణ నమోదు, వీటిలో వాళ్ళు తోడుంటారు. ఆ మొదటి మూడు రోజులు భోజనం ఎవరు పంపాలో వాళ్ళే చూస్తారు.

2. ఆ సభ్యులు ఇంటివాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే, గ్రూపులో నాలుగు ముక్కలు పెట్టాలి: రావచ్చా, ఏ వేళ రావచ్చు, ఆ ఇంటి పద్ధతి ఏమిటి, ఏం తేవచ్చు. మా కేరళ దంపతులకు ఇదొక్కటి అంది ఉంటే చాలేది.

3. శవాన్ని సొంతూరికి తీసుకెళ్ళిన కుటుంబం తిరిగొచ్చాక, వాళ్ళు సరేనంటే, ఒక సాయంత్రం పలకరింపుకు కేటాయించి అందరికీ తెలియజేయండి. దానికి క్లబ్‌హౌసు ఉచితంగా ఇవ్వండి. ‘శుభకార్యాలకు మాత్రమే’ అన్న నిబంధన తొలగించండి.

4. అద్దెవాళ్ళకూ ఇవన్నీ సమానంగా వర్తించాలి. మరణం కారణంగా, ముఖ్యంగా ఆత్మహత్య కారణంగా, ఏ కుటుంబాన్నీ ఖాళీ చేయించవద్దని సంఘం తరఫున యజమానులకు విజ్ఞప్తి పంపండి. మరణానికి కారణాల మీద గ్రూపులో ఊహాగానాలు పెడితే వెంటనే తొలగించే అధికారం అడ్మిన్లకు ఇవ్వండి.

5. మరణం జరిగిందని ఆఫీసుకు తెలియగానే ఆ ఫ్లాటుకు రెండు వారాలు గేటు అనుమతుల ఫోన్లు ఆపాలి, బంధువులను నేరుగా పంపాలి. పోయినవాళ్ళ నంబరు తీసేయాలి. వాళ్ళ బండ్లు, సైకిళ్ళు, మెయింటెనెన్సు నోటీసుల విషయంలో మనిషి వెళ్ళి మాట్లాడకుండా ఏ ట్యాగూ కట్టకూడదు. స్ట్రెచరు పట్టే లిఫ్టు ఏదైతే అది ఆ అరగంట శవానికే కేటాయించాలి, చెత్త డబ్బాలు ఆగాలి.

6. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ సిబ్బందికి ఇంట్లో మరణం జరిగితే పన్నెండు రోజులు జీతంతో సెలవు. సిబ్బంది విషయంలో కాంట్రాక్టులో రాయించండి. ఇళ్ళ విషయంలో తీర్మానం చేసి నివాసులను కోరండి.

7. మనసు బాగోనప్పుడు ఫోను చేసి సాయం అడిగే టెలీ మానస్ నంబరు 14416 ప్రతి లిఫ్టులో అంటించండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవకు మన బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే ముఖ్య కేంద్రం. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. పోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా ఈ నంబరుకు చేయవచ్చని స్పష్టంగా రాయండి.

8. ఉగాది, సంక్రాంతి, దసరా, సంఘం డబ్బుతో జరిగే ఏ వేడుకలోనైనా, భర్త పోయిన ఆడవాళ్ళను పిలుపులో గానీ వేదిక మీద గానీ వేరు చేయకూడదు.

వీటిలో ఖర్చున్నది ఒకటి రెండే. మిగతావాటికి కావాల్సింది ఒక తీర్మానం, ఒక జాబితా, గార్డులకు ఒక గంట శిక్షణ.

రాబోయే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఈ ఎనిమిదింటినీ చేర్చి, ఒక్కొక్కటిగా ఓటుకు పెట్టాలని కోరుతున్నాను. కుదరదనుకున్నవాటికి కారణం రాతపూర్వకంగా ఇవ్వండి. మిగతా సముదాయాల్లో ఉన్న తెలుగువాళ్ళు ఈ ఉత్తరాన్ని తమ సంఘానికి తగ్గట్టు మార్చుకుని వాడుకోవచ్చు, నన్ను అడగక్కర్లేదు.

మొదటి కోరికలో చెప్పిన స్వచ్ఛంద సభ్యుల జాబితాలో మా టవరు తరఫున నా పేరు రాసుకోండి. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మాట్లాడగలను. రాత్రిపూట పిలిచినా వస్తాను.

ఇట్లు,
మీ తోటి నివాసి,
వైట్‌ఫీల్డ్, బెంగళూరు